ప్యాచ్ వచ్చింది సరే, మన కంప్యూటర్‌కి చేరిందా?

తెలియనివాళ్లు పంపిన ప్రోగ్రామ్‌ను నడపకూడదని కంప్యూటర్ వాడే అందరికీ తెలుసు. ఫొటో విషయానికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు. ఫొటోదేముంది, చూసి మూసేయడమే కదా అనుకుంటాం. ఫొటో తనంతట తాను ఏమీ చేయలేదన్నది నిజమే. కానీ దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ చాలా పని చేస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ, వెబ్‌పీ ఫైళ్లలో ఉండేది కుదించి పెట్టిన సమాచారం. దాన్ని విప్పి పిక్సెళ్లుగా మార్చే భాగమే డీకోడర్. ఫైల్లో రాసి ఉన్న అంకెల్ని డీకోడర్ సరిచూసుకోకుండా నమ్మిందంటే, ఆ ఫైలు తయారుచేసినవాడు చెప్పినట్టల్లా ఆడాల్సి వస్తుంది.

అదెలాగో ఒక లెక్కతో చెప్పొచ్చు. ఒక ఫైలు తన వెడల్పు 32,768 పిక్సెళ్లనీ, ఎత్తూ అంతేననీ చెప్పుకుందనుకోండి. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున గుణిస్తే 4,29,49,67,296 బైట్లు. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య కన్నా ఇది సరిగ్గా ఒకటి ఎక్కువ. కాబట్టి ఆ కొలతలో లెక్కేసే ప్రోగ్రామ్‌కి జవాబు సున్నా అని వస్తుంది. పేరుకి కాస్త మెమరీ తీసుకుని పిక్సెళ్లు రాయడం మొదలుపెడుతుంది, హద్దు దాటి పక్కనున్న సమాచారం మీద రాసుకుంటూ పోతుంది. అక్కడ ఏం పడితే తన కోడ్ నడుస్తుందో దాడి చేసేవాడు ముందే చూసుకుని ఉంటాడు.

దీనికి మనం ఫొటోను తెరవాల్సిన అవసరం కూడా లేదు. ఫోల్డర్ తెరిస్తే చాలు, చిన్న బొమ్మలు చూపించడానికి ఫైల్ మేనేజర్ డీకోడర్‌ని పిలుస్తుంది. ఫైలు పేరు చివర .జిఫ్ అని ఉంటే అది జిఫ్ అనుకోవడానికీ లేదు. చాలా ప్రోగ్రాములు పేరును పట్టించుకోవు, లోపలి సమాచారాన్ని చూసి ఏ డీకోడర్‌కి ఇవ్వాలో తేల్చుకుంటాయి.

ఇలాంటి తప్పులు దొరకడం కొత్త కాదు, దిద్దడం కూడా అంత కష్టం కాదు. నన్ను కలవరపెట్టేది ఆ తర్వాతి దశ. దిద్దిన కోడ్, అంటే ప్యాచ్, మన కంప్యూటర్లో ఉన్న ప్రతి కాపీకీ చేరడం లేదు. ఈ సమస్యకు ఇరవై ఏళ్లు దాటాయి.

2000లో సోలార్ డిజైనర్ అనే పేరుతో రాసే భద్రతా పరిశోధకుడు నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో ఒక తప్పు బయటపెట్టాడు. జేపెగ్ ఫైల్లో వ్యాఖ్య రాసుకునే చోటు ఒకటుంటుంది. దాని పొడవు చెప్పే అంకె తన సొంత 2 బైట్లనూ కలుపుకుంటుంది, కాబట్టి 2 కన్నా తగ్గకూడదు. ఎవరైనా కావాలని అక్కడ 0 గానీ 1 గానీ పెడితే, అందులోంచి 2 తీసేసిన ప్రోగ్రామ్ రుణ సంఖ్యను బ్రహ్మాండమైన పొడవుగా చదువుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత, 2004 సెప్టెంబర్‌లో, మైక్రోసాఫ్ట్ ఎంఎస్04-028 పేరుతో అదే కోవ తప్పును విండోస్ బొమ్మల లైబ్రరీ (ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే సిద్ధమైన కోడ్) అయిన జీడీఐ ప్లస్‌లో సరిదిద్దింది. అక్కడితో కథ అయిపోలేదు. ఆ లైబ్రరీ ఫైలును ఎన్నో ప్రోగ్రాములు తమ ఫోల్డర్లోనే విడిగా పెట్టుకున్నాయి. విండోస్‌ను అప్‌డేట్ చేసినా ఆ కాపీలు పాతవే. ఏ ప్రోగ్రామ్ దగ్గర పాత కాపీ ఉందో వెతకడానికి మైక్రోసాఫ్ట్ ఒక ప్రత్యేక పరికరమే విడుదల చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు 2023 సెప్టెంబర్‌కి రండి. ఆపిల్ భద్రతా బృందం, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ కలిసి గూగుల్‌కి ఒక లోపం తెలియజేశాయి. వెబ్‌పీ బొమ్మల్ని విప్పే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో హఫ్‌మన్ పట్టిక (కుదించిన సమాచారాన్ని విప్పడానికి వాడే సంకేతాల పట్టిక) కట్టే చోట, కేటాయించిన మెమరీ దాటి రాసే అవకాశం ఉంది. దాన్ని దాడులకు వాడుకునే మార్గం అప్పటికే బయట ఉందని గూగుల్ ప్రకటించింది. సెప్టెంబర్ 11కల్లా క్రోమ్‌కి ప్యాచ్ ఇచ్చింది. అభినందించాల్సిన వేగమే. కానీ సీవీఈ-2023-4863 (సీవీఈ అంటే బయటపడ్డ ప్రతి భద్రతా లోపానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) అనే ఆ లోపాన్ని మొదట క్రోమ్ లోపంగానే నమోదు చేశారు. నేను క్రోమ్ వాడను, నాకెందుకు టెన్షన్ అని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లది కాదు. నిజానికి అదే లైబ్రరీ ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, లిబ్రేఆఫీస్‌లో ఉంది, ఎలక్ట్రాన్ మీద కట్టిన చాటింగ్ యాప్‌లూ నోట్స్ యాప్‌లూ అన్నిటిలో ఉంది. ఎలక్ట్రాన్ యాప్ అంటేనే తనతోపాటు ఒక క్రోమియం బ్రౌజర్‌ని (క్రోమ్‌కి మూలమైనదాన్ని) మోసుకొచ్చే యాప్. అలాంటివి ఐదుంటే ఐదు విడి కాపీలు, ఎవరి ప్యాచ్ వాళ్లకే. లైబ్రరీ పేరుతో మరో సీవీఈ సంఖ్య నెలాఖరులో వచ్చింది, మొదటిదానికి నకలని వెంటనే రద్దయింది. ఏది ప్రమాదంలో ఉందో తెలుసుకోవాల్సినవాళ్లకు ఆ గందరగోళం చేసిన నష్టం చిన్నది కాదు.

అందుకే "అప్‌డేట్ చేసుకోండి" అన్న సలహా ఒక్కటీ సరిపోదు. ఏది, ఎక్కడ అన్నదే అసలు విషయం. విండోస్‌లో వెబ్‌పీ ఎక్స్‌టెన్షన్‌కి కొత్త వెర్షన్ మైక్రోసాఫ్ట్ స్టోర్ ద్వారా వస్తుంది. స్టోర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసినవాళ్లు విండోస్ అప్‌డేట్ ఒక్కటే చూసుకుని ధీమాగా ఉంటే లాభం లేదు. లినక్స్‌లో పరిస్థితి కొంత నయం, లైబ్రరీ ఒకచోట మారితే దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నిటికీ వర్తిస్తుంది. కాకపోతే అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు మెమరీలోని పాత కాపీతోనే కొనసాగుతాయి. లాగవుట్ అయి మళ్లీ రావాలి, రీస్టార్ట్ చేస్తే ఇంకా మంచిది. ఫ్లాట్‌ప్యాక్ (లినక్స్‌లో యాప్‌లను విడి ప్యాకేజీలుగా ఇచ్చే పద్ధతి) యాప్‌ల లైబ్రరీలు వేరు, వాటిని విడిగా అప్‌డేట్ చేసుకోవాలి. బ్రౌజర్ కూడా అంతే, కొత్త వెర్షన్ దిగినా మూసి తెరిచేదాకా పాతదే నడుస్తుంది.

ప్యాచ్ ఇంకా రానప్పుడు దారి మూసేయడం ఒక పద్ధతి. 2016 మేలో బొమ్మల్ని మార్చే ప్రోగ్రామ్ ఇమేజ్‌మ్యాజిక్‌లో ఇమేజ్‌ట్రాజిక్ పేరుతో లోపాలు బయటపడ్డప్పుడు, దాని పాలసీ ఫైల్లో (ఏది అనుమతించాలో రాసుకునే సెట్టింగుల ఫైలు) ప్రమాదకరమైన ఫార్మాట్లను ఆపేయమని సలహా ఇచ్చారు. మనం ఎన్నడూ వాడని ఫార్మాట్లకు కూడా డీకోడర్లు సిద్ధంగా కూర్చుని ఉండటం ఎందుకన్నది నా ప్రశ్న. ఎప్పుడో వేసుకున్న ఫొటో వ్యూయర్లు, వాటి ప్లగిన్లు తీసేయడం కూడా ప్యాచ్ చేయడంతో సమానమే.

ఇదంతా వాడేవాళ్ల నెత్తిన వేయడం మాత్రం అన్యాయం. లోపం ఉన్నా నష్టం జరగకుండా కట్టడం సాధ్యమేనని లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌ను తయారుచేసేవాళ్లు చూపించారు. దశాబ్దాలుగా వాడుతున్న జీడీకే-పిక్స్‌బఫ్ అనే బొమ్మల లైబ్రరీకి బదులుగా గ్లైసిన్ అనే కొత్త లైబ్రరీ తయారుచేశారు. అది బొమ్మను విప్పే పనిని వేరే ప్రాసెస్‌లో, చుట్టూ కట్టడి పెట్టి చేయిస్తుంది. డీకోడర్ దాడి చేసేవాడి చేతిలో పడినా మన ఫైళ్లు అందవు, నెట్ అందదు. రాసింది మెమరీ హద్దుల్ని తనే కాపాడే రస్ట్ భాషలో కాబట్టి హద్దు దాటి రాసే తప్పులు చాలావరకు మొదట్లోనే ఆగిపోతాయి. కాస్త వేగం తగ్గినా ఇది సరైన బేరమే. 2023లో వచ్చిన గ్నోమ్ 45 నుంచి డిఫాల్ట్ ఫొటో వ్యూయర్ అయిన లూప్ దీని మీదే పనిచేస్తోంది.

తమ ప్రోగ్రామ్‌లో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో చెప్పే జాబితాను ప్రతి విడుదలతోపాటు ఇవ్వాల్సిన బాధ్యత సాఫ్ట్‌వేర్ సంస్థలది. అది చేతిలో ఉంటే, లిబ్‌వెబ్‌పీ 1.3.2కి ముందున్న కాపీ ఎక్కడుందో నిమిషాల్లో వెతకొచ్చు. అది లేని ప్రోగ్రామ్ విషయంలో చూడగలిగింది చివరి విడుదల తేదీ ఒక్కటే. ఆ తేదీ 2023 సెప్టెంబర్ కన్నా ముందుదై, ఆ ప్రోగ్రామ్ వెబ్‌పీ బొమ్మల్ని తన సొంత లైబ్రరీతో తెరుస్తుంటే, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి.