వీఆర్ డబ్బా దొరకు పాలమూరు నుంచి

వీఆర్ డబ్బా దొరా, కండ్లకు కట్టుకుంటే లేని లోకం ఉన్నట్టే చూపెట్టే దొరా, దండాలు!

కురుమూర్తి జాతరల నీ దుకాణం చూసిన. టికెట్ పెట్టి మరీ మంది కండ్లకు గంతలు కడుతుంటివి. మోట కొట్టిన మనిషి, నడిరాత్రి కరెంటుకు లేసి చేన్ల తిరిగిన మనిషి మా పెద్దనాయిన. ఆయనను సాపు నేల మీద, ప్లాస్టిక్ కుర్చీ పక్కన, లేని లోయ చూపెట్టి కూలేస్తివి. గింత పని ఏ దొరా చెయ్యలే! ఆయన పక్కనోని తువ్వాల దొరకబట్టుకొని "పట్టుకోర్రి, పట్టుకోర్రి" అంటుంటే, మనుమరాలు అదే లోయల ఎగిరి దుంకి "ఏం గాదు తాతా, మల్ల లేస్తం" అనె. కండ్లేమో పడుతున్నవ్ అంటయి, చెవి లోపలి తూకమేమో నిలబడ్డవ్ అంటది. పెద్దనాయిన కండ్లను నమ్మిండు, గంతే.

నీ దుకాణం పిలగాడు నవ్విండు, ముసలోళ్లకు రాదని. ఆగు దొరా.

జొన్నచేను కావలి కాసేటప్పుడు పెద్దనాయిన వడిసెల తిప్పేది. కొస ఇడిస్తే రాయి సక్కగ పోయి పిట్టల గుంపుల పడేది. అదే రాయి ఎట్ల పోతదో కాయితం మీద గియ్యమంటే వంకర గీస్తడేమో! తప్పేముంది? 1980ల అమెరికాల మెక్‌క్లోస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటోళ్లు కాలేజి పిల్లలను గిదే అడిగిన్రు: గుండ్రంగ తిప్పే బంతి దారం తెగితే ఎటు పోతది? సక్కగ పోతది గని, కొందరు వంకరనే గీసిన్రు, ఫిజిక్స్ చదివినోళ్లు గూడ. 1993ల హార్స్ట్ క్రిస్ట్ అనే పరిశోధకుని బృందం ఇంకో తమాష చూసింది. బంతి ఎంత ఎత్తు నుంచి ఇసిరితే అంత మెల్లగ ఇసరాలె, గురి అదే దూరంల ఉంటే. ఎంత జోరుగ ఇసరాలెనో అంచనా చెప్పమంటే తప్పిన చిన్నపిల్లలు, బంతి చేతికిస్తే సరిగ్గనే ఇసిరిన్రు. ఎరుక చేతుల ఉంటది దొరా, నోట్ల ఉండదు.

మరి నీ లోకంల చేతికేమిస్తున్నవ్? బరువు లేని రాయి! పెద్దనాయిన నీ కంట్రోలర్‌ను వడిసెల తీర్గ బలంగ తిప్పిండు, బటన్ ఇడుసుడు మరిచిండు. రాయి కాళ్ల కాడనే పడె. మనుమరాలు ఒకటిరెండు ఇసిరి చూసి, బలం అక్కర లేదు, మణికట్టు ఆడిస్తే సాలని పసిగట్టె. ఆ పిల్లకు రాయి సంగతి ఇంకా తెల్వదు. నీ సంగతి తెలిసింది.

నీ లోపల గురుత్వమంటే ఒక అంకెనంట. 9.8 అని కొడితే భూమి, 1.6 అని కొడితే చందమామ. ఇంత సులువుంటే ఒక వడిసెల ఆట చెయ్యి. రాయికి కాస్త బరువు పెట్టు. గురి చూపెట్టేటందుకు పెద్దనాయినను కూలికి పిలువు. పైసలు మాత్రం నిజంవే ఇయ్యాలె, నీ ఆట కాయిన్లు మా కిరాణంల చెల్లయి.