మహారాజశ్రీ సున్నా-నుంచి-వంద గారి సముఖానికి

అయ్యా,

ఆగి ఉన్న కారు గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చెప్పే అంకె మీరు. కారు ప్రకటన ఏది తెరిచినా ముందు మీరే ఎదురొస్తారు. ధర గారు 'ప్రారంభం, ఎక్స్-షోరూమ్' అని నసుగుతారు. మైలేజీ గారు వాహనాలను పరీక్షించే ఆరాయ్ సంస్థ సర్టిఫికెట్ చాటున దాక్కుంటారు. మీకు ఆ మొహమాటాలేవీ లేవు. హోర్డింగ్ మీద మనిషెత్తు అంకెల్లో, దశాంశ బిందువుతో సహా నిలబడతారు. 6.7 సెకన్లు. 3.2 సెకన్లు. నెత్తిన మాత్రం ఒక చిన్న నక్షత్రం గుర్తు. దాని కింద ఏం రాశారో చదవాలంటే హోర్డింగ్ ఎక్కాలి. ఆ వయసు నాకు దాటిపోయింది కాబట్టి కింద నిలబడే కొంత వాకబు చేశాను. తేలిందేమిటంటే, మీరు సున్నా దగ్గర పుట్టలేదట.

అమెరికాలో డ్రాగ్ రేసులు, అంటే తిన్నని దారిలో ఇద్దరి మధ్య జరిగే వేగం పోటీలు, జరిగే ట్రాకుల్లో, బయలుదేరే గీత దగ్గర, నేలకు కాస్త ఎత్తున ఒక కాంతి కిరణం అడ్డంగా పోతుంటుంది. కారు ముందు చక్రం దానికి అడ్డంగా వచ్చి ఆగుతుంది. పచ్చలైటు పడగానే కారు ఉరుకుతుంది, కానీ గడియారం మాత్రం ఉలకదు. చక్రం మొత్తం ఆ కిరణాన్ని దాటిపోయి, వెలుగు మళ్లీ అవతలి వైపున్న సెన్సరు కంటికి తగిలాకే లెక్క మొదలవుతుంది. ఈలోపు కారు సుమారు ఒక అడుగు ముందుకెళ్లిపోయి ఉంటుంది. దీన్నే రోలౌట్ అంటారు. డ్రైవరు పచ్చలైటు చూసి తేరుకోవడానికి పట్టిన సమయాన్ని కూడా ఇందులో కలపరు, దానికి వేరే పద్దు ఉంటుంది. రేసులో ఇద్దరికీ అదే గీత, అదే కిరణం కాబట్టి ఎవరికీ అన్యాయం లేదు. చిక్కల్లా ఆ అలవాటును కార్ల పత్రికలు అందుకోవడంతో, వాటిని చూసి కంపెనీలు అందుకోవడంతో వచ్చింది. ఇప్పుడు గీతా అక్కర్లేదు, కిరణమూ అక్కర్లేదు. జీపీఎస్ పెట్టె ఇచ్చిన లెక్కలోంచి మొదటి అడుగును కత్తిరించి పారేస్తున్నారు. డ్రాగీ లాంటి చిన్న పెట్టె కొనుక్కుంటే ఫోన్ యాప్‌లో దానికో ఆప్షన్ కూడా ఉంటుంది. నొక్కారంటే, కారు ఇంటి ముందు కదలకుండా ఉండగానే మీ రికార్డు మెరుగుపడుతుంది.

ఒక్క అడుగుకే ఇంత రాద్ధాంతమా అంటారేమో. ఇంటర్‌లో బట్టీ పట్టిన ఫిజిక్స్ సూత్రం ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది. గురుత్వ త్వరణంతో సమానంగా దూకే కారు ఒక అడుగు దాటేసరికి పావు సెకను గడిచిపోతుంది. అప్పటికే వేగం గంటకు దాదాపు 9 కిలోమీటర్లు. అంటే మీ సున్నా నిజానికి తొమ్మిది. త్వరణం అందులో సగమే ఉన్న మామూలు కారుకైతే మినహాయింపు 0.35 సెకను దాకా పోతుంది. బండి ఎంత నెమ్మదిదైతే రాయితీ అంత ఎక్కువ. పేదల పట్ల మీకున్న ఈ దయను మాత్రం కాదనను.

2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లాడ్ వచ్చింది గుర్తుందా? గంటకు 60 మైళ్లకు 1.99 సెకన్లు అన్నారు. బాటా రేటు లాంటి అంకె. రోలౌట్ తీసేసిన లెక్క అని చిన్నక్షరాల్లో రాసుకున్నారు. తీసేసిన అడుగును తెచ్చి మళ్లీ అతికిస్తే రెండు దాటిపోతుంది, అప్పుడిక హోర్డింగ్ ఎందుకు? అదే కంపెనీ తన మామూలు మోడళ్లకు అడుగు తియ్యకుండా, పర్ఫార్మెన్స్ మోడళ్లకు మాత్రం తీసేసి పక్కపక్కనే చూపించడం ఇంకో ముచ్చట. డబ్బెక్కువ పెట్టినవాడికి సెకన్లు తక్కువ రావాలి కదా. పైగా ఆ రెండు సెకన్ల పరుగుకు ముందు బ్యాటరీని నిమిషాల తరబడి వేడెక్కించుకోవాలి. 2023లో డాడ్జ్ డీమన్ 170 వచ్చి 1.66 అంది. అదీ టైరు పట్టుకునేలా జిగురు చల్లి సిద్ధం చేసిన డ్రాగ్ ట్రాక్ మీద. మా కాలనీ రోడ్డు మీద చల్లేది మట్టి ఒక్కటే.

మొదలు అలా ఉంటే, చివర కూడా తక్కువ తినలేదు. అమెరికావాళ్లు మిమ్మల్ని వంద కిలోమీటర్ల దాకా కాకుండా 60 మైళ్ల దాకా కొలుస్తారు. 60 మైళ్లంటే 96.6 కిలోమీటర్లే. మిగిలిన మూడున్నర కిలోమీటర్ల వేగం అందుకోవడానికి, వందకు పది సెకన్లు తీసుకునే మామూలు కారుకు ఇంకో అర సెకను దాకా పడుతుంది. మా ఇంట్లో ఈ అరవై మీద ఆమధ్య పెద్ద కథే నడిచింది. డాలస్‌లో ఉండే మా బావగారు కొత్త కారు కొని, సున్నా టు అరవై 5.8 అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. రాజమండ్రిలో ఉన్న మా తమ్ముడు వెంటనే తన చిన్న ఎలక్ట్రిక్ కారు బ్రోషర్‌ను ఫొటో తీసి పెట్టాడు: సున్నా టు అరవై, 5.7. 'అమెరికాని కొట్టేశాంరా' అని బాబాయి వరసగా చప్పట్ల బొమ్మలు. బావగారివి మైళ్లు, తమ్ముడివి కిలోమీటర్లు. తమ్ముడి అరవై, బావగారి లెక్కలో ముప్ఫై ఏడు. ఆ ముక్క నేను చెప్పలేదు. పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నాను. బావగారూ ఏమీ అనలేదు. ఆ రోజంతా గ్రూపులో కనిపించనే లేదు.

తమ్ముడి తప్పేముంది? వంద దాకా చెబితే సెకన్లు రెండంకెల్లోకి పోతాయనుకున్న కారుకు మిమ్మల్ని అరవైకి కుదిస్తారు. స్కూటరుకైతే నలభై. ఏథర్ 450ఎక్స్ నలభైకి 3.3 సెకన్లు అంటుంది. ఊళ్లో తిరిగే స్కూటరుకు నలభై అనేది న్యాయమైన గమ్యమే, దాని మీద నాకు పేచీ లేదు. కారుకు అరవై మాత్రం, ముందు సెకన్లు ఎన్ని ఉండాలో నిర్ణయించుకుని తర్వాత గీత గీసినట్టుంటుంది.

మీ భక్తుల సంగతి ఇంకోటి. ఒకడు నడుపుతుంటే పక్కవాడు ఫోన్‌తో స్పీడోమీటర్‌ను వీడియో తీస్తాడు. ముల్లు వంద తాకగానే ఇద్దరూ కేకలు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించొచ్చు: అసలు వేగంలో పదో వంతు, ఆపైన ఇంకో 4 కిలోమీటర్ల దాకా. ఆ అంచున ఉన్న బండిలో ముల్లు 100 దగ్గరుంటే అసలు వేగం 87 చిల్లర. వీడియోకి లక్ష వ్యూలు వచ్చాక ఈ చిల్లర ఎవరు లెక్కపెడతారు?

అసలు మీరు మా దగ్గర బతికేది ఎక్కడ? హైదరాబాద్‌లో డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు పరిమితి 60. ఊరి చుట్టూ తిరిగే ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడి వరసల్లో 120 దాకా పోవచ్చు, కానీ టోల్ దాటి ర్యాంపు ఎక్కేసరికి ముందు ఇసుక లారీ ఉంటుంది. 1940ల్లో టామ్ మెకాహిల్ అనే అమెరికన్ విలేకరి కార్లను పరీక్షించి రాస్తూ మిమ్మల్ని జనంలోకి తెచ్చాడంటారు. మీరు పుట్టింది ఖాళీ రోడ్ల దేశంలో. మాకు కావాల్సింది మీ చెల్లెలు, నలభై-నుంచి-ఎనభై గారు.

రావులపాలెం నుంచి అమలాపురం వైపు వెళ్తున్నామనుకోండి. ముందు కొబ్బరికాయల లోడు లారీ, నలభై మీద. కార్లో ఐదుగురం, ఏసీ ఆన్, డిక్కీలో మా అత్తగారి ఆవకాయ జాడీలు, బియ్యం మూట. ఎదురుగా దూరంగా బస్సు. ఇండికేటర్ వేసి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ ముందు ఆలోచిస్తుంది, తర్వాత ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే టర్బో ఆలోచిస్తుంది, ఆ తర్వాత బండి కదులుతుంది. నలభై నుంచి ఎనభైకి ఆరు సెకన్లు పట్టిందనుకుంటే, అరవై మీద వచ్చే బస్సు ఈలోపు వంద మీటర్లు దగ్గరకొచ్చేస్తుంది. మనం వెళ్లిన దూరం అదనం. అక్కడ రోలౌట్ ఉండదు, జిగురు ఉండదు, ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ ఉండదు. మీ పరీక్షలో కారు బ్రేకు తొక్కిపెట్టి, ఇంజన్‌ను రంకెలేయించి, ఒక్కడే డ్రైవరుతో దూకుతుంది. అందుకే కార్ అండ్ డ్రైవర్ పత్రిక మీతో పాటు 5 నుంచి 60 మైళ్ల లెక్క కూడా వేరేగా వేస్తుంది, మెల్లగా పోతున్న కారుకు. చాలా టర్బో కార్లకు అక్కడ సెకన్లు పెరుగుతాయి. బయలుదేరింది సున్నా నుంచి కాదు కదా, తగ్గాలి మరి! ఆ అంకెను మాత్రం ఏ హోర్డింగ్ మీదా చూడలేదు.

మిమ్మల్ని దిగిపొమ్మని అనను. పక్కన కాస్త జరిగి ఆవిడకూ చోటివ్వండి: 40 నుంచి 80, ఐదుగురు మనుషులు, నిండు డిక్కీ, ఏసీ ఆన్. అంకె మీ అంత అందంగా రాదు, మేం సర్దుకుంటాం. నక్షత్రం గుర్తు కూడా పెట్టుకోండి. కింద మా అత్తగారి బరువు మాత్రం రాయకండి, ఆవిడ చిన్నక్షరాలు కూడా చదువుతారు.

ఇట్లు,
లారీ వెనకాల ఇండికేటర్ వేసుకుని ఉన్న ఒక వినియోగదారుడు