దుబాయ్‌లో దిగినప్పుడు

డల్లాస్ నుంచి హైదరాబాద్ వెళ్తూ దుబాయ్‌లో మూడు రోజులు ఆగాం. అందరిలాగే బుర్జ్ ఖలీఫా ఎక్కాం. 828 మీటర్ల టవర్‌లో 124వ అంతస్తు నుంచి చూస్తే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఎడారి. అబ్బురమే, కాదనను. బయట ఎండ మాడ్చేస్తుంటే మాల్ లోపల మంచు మీద స్కీయింగ్! మా పాప అక్కణ్నుంచి కదలనంది.

నాకు మాత్రం క్రీక్, అంటే ఊరి మధ్యలోకి వచ్చే సముద్రపు పాయ, నచ్చింది. ఈ ఒడ్డున బర్ దుబాయ్ నుంచి ఆ ఒడ్డున దేరాకు అబ్రా పడవ, మనిషికి ఒక్క దిర్హమ్. 1966లో చమురు బయటపడక ముందు ఈ ఊరు బతికింది ఈ పాయ మీదే. అప్పట్లో ఇక్కడ మన రిజర్వ్ బ్యాంక్ అచ్చేసిన రూపాయలే చెల్లేవి.

పడవలో పక్కనున్న కుర్రాడు మా మాటలు విని "తెలుగోళ్లా అన్నా?" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె, ఏసీ పని. బుర్జ్ ఎక్కావా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నేను ఎక్కలే. మా మామ ఎక్కిండన్నా. అద్దాలు బిగించే పనిల ఉండె."

ఆ టవర్‌కు 26 వేల దాకా అద్దాలున్నాయట. 2004లో పని మొదలై 2010 జనవరి 4న ప్రారంభమయ్యేదాకా ఎంతమంది మామలు ఆ ఎత్తున వేలాడారో! మేం ఫొటోలు దిగింది ఆ అద్దాల పక్కనే. దేరాలో దిగేటప్పుడు మా ముగ్గురి ఛార్జీ కూడా అతనే ఇచ్చేశాడు. వద్దంటే వినలేదు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో ఏ దేశం వెళ్లినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. ఏజెంటుకు కట్టేది అప్పు, మొదట పంపే జీతం వడ్డీకి. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని దుబాయ్‌లో రూలుంది. మంచి రూలే. కానీ జీతం ఆగినా, జబ్బు పడినా, ప్రాణం పోయినా ఆ కుటుంబానికి దిక్కెవరు? గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల సాయం ప్రకటించింది 2024లో. అన్నేళ్లు పట్టింది.

అమెరికాలో మన విద్యార్థికి ఏమైనా జరిగితే రెండ్రోజుల్లో ఫండ్ పోగుచేస్తాం. గర్వంగానే చెప్తున్నాను, అది అక్కడి మన తెలుగు సంఘాలు చేసే గొప్ప పని. మరి ఈ పిల్లలు మనవాళ్లు కారా? ఇంటికి టికెట్, జీతం కేసుకు లాయర్ ఫీజు, శవాన్ని ఊరు చేర్చే ఖర్చు: ఈ మూడింటికి మన సంఘంలో ఒక గల్ఫ్ నిధి ఉండాలి. వచ్చే బోర్డు మీటింగ్‌లో తీర్మానం నేను పెడతాను. బలపరచడానికి ఒక్కరు ముందుకు రండి.