కరెంటు గదికి స్పెషలిస్టు కావాలి

పక్షవాతం వచ్చి ఎడమ చేయి పడిపోయిన ఒక మామిడి రైతును ఈమధ్య చిత్తూరు జిల్లాలోని ఒక సర్కారు ఆస్పత్రిలో చూశాం. ఫిజియోథెరపీ గదిలో గోడకు బిగించిన కప్పీ కింద ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టారు. తాడు ఒక కొస మంచి చేతిలో ఉంది. రెండో కొసను పడిపోయిన చేతికి గుడ్డతో కట్టారు. మంచి చేత్తో కిందికి లాగితే ఇటు చేయి తలపైకి లేస్తుంది. ఇరవైసార్లు లాగమన్నారు. పదోసారికే ఆయన పళ్లు బిగపట్టేశారు. భుజం కీలు జారి, అక్కడ వేలు పట్టేంత గుంట కనిపిస్తోంది. 'నొప్పి ఓర్చుకుంటేనే చేయి వస్తాదంట, లాగు మామా' అని పక్కన కోడలు బతిమాలుతోంది.

ఆ గదిలో ఉన్న ఫిజియోథెరపిస్టు పని ఎగ్గొట్టే మనిషి కాదు. వరండా నిండా జనం ఉంటే, ఒంటి చేత్తో పొద్దున్నుంచీ నెట్టుకొస్తున్నారు. ఒక ముసలమ్మ మోకాలికి మెషీన్ పెట్టి, ఇంకొకరి మెడకు బరువు వేలాడదీసి, ఈ రైతు దగ్గరికి వచ్చేసరికి దొరికింది రెండు నిమిషాలు. కానీ పక్షవాతంలో పట్టు తప్పిన భుజాన్ని కప్పీతో తలపైకి లాగించకూడదన్నది నరాల ఫిజియోథెరపీలో మొదట నేర్పే జాగ్రత్తల్లో ఒకటి. అలా లాగితే కీలు చుట్టూ ఉన్న కండరాలు, నరాలు నలిగిపోతాయి. చేయి రావడం మాట అటుంచి, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి పట్టుకుంటుంది. నొప్పి వచ్చాక రోగి ఆ చేతిని కదపడం మానేస్తాడు. కదపకపోతే కీలు బిగుసుకుపోతుంది.

మన ఊళ్లలో దాన్ని ఫిజియోథెరపీ విభాగం అని ఎవరూ అనరు. 'కరెంటు పెట్టించుకుని వస్తా' అంటారు. అది కరెంటు గది. జనం అలా అనడంలో తప్పేమీ లేదు, సర్కారు కూడా ఇన్నేళ్లుగా దాన్ని అలాగే చూస్తోంది. ఒక గది, నాలుగు మెషీన్లు, ఒక ఫిజియోథెరపిస్టు. మోకాలి నొప్పికి, పక్షవాతానికి, గుండె ఆపరేషన్‌కి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి అందరికీ కలిపి అదే పోస్టు, అదే అర్హత. గుండె జబ్బుకు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లమని ఎవరూ చెప్పరు. మరి ఫిజియోథెరపీకి వచ్చేసరికి ఈ తేడా ఎందుకు అక్కర్లేకుండా పోయింది? బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆస్పత్రుల్లో స్పెషలిస్టు ఫిజియోథెరపిస్టు అనే పోస్టు విడిగా ఉండాలి, దానికి ఏ అర్హత కావాలో నోటిఫికేషన్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. మా వాదన ఇంతే.

చదువు విషయంలో దారి కొత్తగా వేయాల్సిన పని లేదు. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, ఇన్నాళ్లూ నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2025లో ఈ వృత్తులను చూసే జాతీయ కమిషన్ తెచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లయింది. ఇది పునాది. ఒళ్లంతా చదువుతారు, అన్ని వార్డులూ కొంచెం కొంచెం తిరుగుతారు. ఆ తర్వాత రెండేళ్ల పీజీ, అంటే ఎంపీటీ దగ్గర దారులు చీలతాయి. ఎముకలు, కండరాలు ఒక దారి. నరాలు ఇంకో దారి. గుండె, ఊపిరితిత్తులు, పిల్లలు, క్రీడలు ఇలా ఎవరి దారి వారిది. తిరుపతిలోని స్విమ్స్ వైద్య విశ్వవిద్యాలయంలో బీపీటీ, ఎంపీటీ రెండూ చెబుతున్నారు. అంటే స్పెషలిస్టులను తయారుచేసే చోటు మన ఊళ్లోనే ఉంది. తయారైనవాళ్లను పెట్టుకునే పోస్టు మాత్రం సర్కారు దగ్గర లేదు. ఎంపీటీలో రెండేళ్లు పక్షవాతం మీదే పనిచేసి వచ్చిన అమ్మాయి, మామూలు ఫిజియోథెరపిస్టుగా కాంట్రాక్టులో చేరి నడుం నొప్పికి కరెంటు పెడుతూ కూర్చుంటుంది. లేదా గల్ఫ్‌కు వెళ్లిపోతుంది.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. తిరుపతి, చిత్తూరు పిల్లలు అక్కడ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ముందు డిగ్రీ అసలుదా కాదా అని కాలేజీ దాకా వెళ్లి తేల్చుకుంటారు. ఆ పని డేటాఫ్లో అనే సంస్థ చేస్తుంది. తర్వాత లైసెన్స్ కోసం ప్రొమెట్రిక్ లాంటి పరీక్ష రాయాలి. చేసిన అనుభవానికి కాగితం చూపించాలి. బ్రిటన్‌లో హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఫిజియోథెరపిస్టునని చెప్పుకోవడమే నేరం. ఆ రిజిస్ట్రేషన్ కూడా రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాల్సిందే. అమెరికాలో సైన్యంలో పనిచేసినవాళ్ల కోసం సర్కారు నడిపే ఆస్పత్రుల్లో చేరాలంటే ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. ఇక ఆ దేశంలో బోర్డు సర్టిఫికెట్ ఉన్న స్పెషలిస్టు కావాలంటే మామూలుగా ఆ విభాగంలో రోగులకు స్వయంగా చికిత్స చేస్తూ కనీసం 2000 గంటలు గడిపి, ఆపైన పరీక్ష నెగ్గాలి. గుర్తింపు నిలుపుకోవడానికి తర్వాత కూడా సామర్థ్యం చూపిస్తూనే ఉండాలి. ఒకసారి వచ్చిన బోర్డు జీవితాంతం తగిలించుకుని తిరగడం కుదరదు. ఇవన్నీ మక్కీకి మక్కీ ఇక్కడ దించమని మేము అనడం లేదు. కానీ చదువు, ఆ విభాగంలో చేతిపని అనుభవం, రిజిస్ట్రేషన్ ఈ మూడూ కలిస్తేనే స్పెషలిస్టు అన్న లెక్క మనకూ కావాలి.

మన దేశంలో ఈ లెక్క లేకపోవడానికి పాత కారణం ఒకటుంది. పోలియో పిల్లల కోసం 1950ల మొదట్లోనే ముంబయిలో ఫిజియోథెరపీ చదువు మొదలైంది. అయినా దశాబ్దాల తరబడి ఈ వృత్తికి దేశమంతటికీ కలిపి ఒక చట్టం లేదు. నర్సులకు 1947లో, ఫార్మసిస్టులకు 1948లో చట్టాలొచ్చాయి. వికలాంగుల పునరావాస నిపుణుల కోసం 1992లో వచ్చిన చట్టం కూడా ఫిజియోథెరపిస్టులను బయటే ఉంచింది. చివరికి 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. కనీసం 3600 గంటల డిగ్రీ చదువు ఉంటేనే ఆరోగ్య సంరక్షణ నిపుణుడు అని అందులో నిర్వచించారు. ఫిజియోథెరపిస్టులు ఆ కోవలోకి వస్తారు. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవాలా వద్దా అని 2025 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు రావడం, వెంటనే వెనక్కి పోవడం, దాని మీద పెద్ద రభస జరగడం అందరూ చూశారు. కప్పీ కింద కూర్చున్న రైతుకు ఆ రభసతో పనిలేదు. తన భుజం పట్టుకున్న మనిషికి పక్షవాతం గురించి ఎంత తెలుసన్నదే ఆయన చేతిని నిలబెడుతుంది.

ఇంతకీ విభాగానికి, విభాగానికి అంత తేడా ఉంటుందా అని అడిగేవాళ్లుంటారు. స్విమ్స్‌లో గుండె ఆపరేషన్ అయిన మనిషిని తలచుకోండి. ఛాతీ ఎముక కోసి మళ్లీ తీగతో కుట్టి ఉంటుంది. దగ్గాలంటే భయం. దగ్గకపోతే కఫం పేరుకుని ఊపిరితిత్తి మూసుకుపోతుంది. దిండును రొమ్ముకు అదుముకుని ఎలా దగ్గాలో నేర్పాలి, ఏ రోజు ఎన్ని అడుగులు నడిపించాలో మానిటర్ చూస్తూ తేల్చాలి. ఊపిరితిత్తుల మీద శిక్షణ పొందినవాళ్లు చేసే పని ఇది. పుట్టిన వారానికే వెంటిలేటర్ ఎక్కిన, గుండె జబ్బున్న పసిబిడ్డ అయితే ఇంకా సున్నితం. పెద్దవాళ్లకు తట్టినట్టు ఆ రొమ్ము మీద తడితే ప్రాణం మీదికొస్తుంది.

ఎముకల సంగతి చూద్దాం. విరిగిన ఎముకకు నాటు పద్ధతిలో వేసే పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు మన ప్రాంతంలో ఉండదు. మామిడి చెట్టు మీంచి పడ్డా, బండి మీంచి పడ్డా ముందు గుర్తొచ్చేది అదే. కట్టు కావచ్చు, ఆస్పత్రిలో వేసిన పిండికట్టు కావచ్చు, విప్పాక కీలు బిగుసుకుని ఉంటుంది. అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ముఖ్యంగా పిల్లల మోచేయి. త్వరగా వంగాలని నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే, బలవంతంగా వంచితే, కండరంలోనే కొత్త ఎముక పెరిగి మోచేయి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. ఎంత వంచాలి, ఎక్కడ ఆపాలి అన్నది పుస్తకంలో ఒక పేజీ చదివితే రాదు, అలాంటి మోచేతులు చాలా పట్టుకుని చూసిన చేతికే తెలుస్తుంది. కాన్పు తర్వాత తుమ్మితే, దగ్గితే మూత్రం జారిపోతోందని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. దానికీ ఫిజియోథెరపీలో మంచి చికిత్స ఉంది. మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి కూర్చునే కరెంటు గదిలో ఆమె నోరు ఎలా విప్పుతుంది?

పిల్లల విషయంలో అయితే కాలం కూడా కరిగిపోతుంటుంది. మెదడు పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) ఉన్న బిడ్డకు మొదటి రెండు మూడేళ్లు బంగారం లాంటివి. అందుకే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు పోస్టు పెట్టారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాలకూ ఫిజియోథెరపిస్టులు తిరుగుతుంటారు. ఆ పోస్టుకు పిల్లల విభాగంలో శిక్షణ ఉన్నవాళ్లకు తొలి అవకాశం ఇవ్వాలని అడగడం అత్యాశేమీ కాదు. పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ పిల్లలను ఆపరేషన్లతో, క్యాలిపర్లతో లేపి నడిపించిన బర్డ్ ఆస్పత్రి ఉన్న ఊరు మనది. 2014లో దేశం పోలియో నుంచి బయటపడింది. కానీ నెలలు నిండకుండా పుట్టి బతుకుతున్న పిల్లలు పెరిగారు, వాళ్లలో కదలికల సమస్యలూ ఉన్నాయి. ఒక తరం కింద తిరుపతి సంపాదించిన ఆ నైపుణ్యం పల్లెల్లోని భవిత కేంద్రాల దాకా వెళ్లాలి.

చిత్తూరు నుంచి వేలూరు బస్సు ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూ ప్రయాణం. అక్కడ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్లు 1966లోనే వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ల కోసం పునరావాస కేంద్రం కట్టారు. ఇప్పుడది డాక్టర్ మేరీ వర్గీస్ పేరుతో ఉంది. తానే ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే వైద్యం చేసిన మహాతల్లి ఆమె. మన జిల్లా రోగులు ఇప్పటికీ ఆ దారే పడుతున్నారు. ఆపరేషన్‌కి ఒకసారి వెళ్లడం వేరు. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు, నెలల తరబడి వెళ్లాలి. కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ పోతుంది. రెండో నెలకే మానేస్తారు. అందుకే అన్ని స్పెషాలిటీల కంటే ముందు ఈ స్పెషాలిటీ ఇంటి దగ్గరలో ఉండాలి.

మేము అడుగుతున్నవి పెద్ద కోర్కెలు కావు. తిరుపతి రుయాలాంటి బోధనాసుపత్రుల్లో నరాలకు, ఎముకలకు, గుండె-ఊపిరితిత్తులకు, పిల్లలకు వేర్వేరుగా స్పెషలిస్టు పోస్టులు కావాలి. జిల్లా ఆస్పత్రుల్లో ముందుగా నరాలకు, ఎముకలకు ఒక్కొక్కటైనా మంజూరు చేయాలి. అర్హతగా ఆ విభాగంలోనే ఎంపీటీ ఉండాలి. ఏ విభాగమైనా సరే అన్న వెసులుబాటు పెడితే మళ్లీ మొదటికే వస్తాం. చదువయ్యాక సీనియర్ల పర్యవేక్షణలో ఆ వార్డులో రెండేళ్లు చేసిన అనుభవం చూపించాలి. రిజిస్ట్రేషన్ లేనిదే దరఖాస్తు తీసుకోకూడదు. ఇంటర్వ్యూలో నోటి ప్రశ్నలతో సరిపెట్టకుండా రోగి ముందు నిలబెట్టి పరీక్షించాలి. పడిపోయిన భుజాన్ని ఎలా పట్టుకుంటారో చూస్తే ఐదు నిమిషాల్లో మనిషి పని తెలిసిపోతుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. దాన్ని మేము తేలిగ్గా తీసేయడం లేదు. ఎంపీటీ ఫీజు కట్టే స్తోమత అందరికీ లేదు. బీపీటీతోనో, పాత డిప్లొమాతోనో పదిహేనేళ్లుగా కాంట్రాక్టు మీద నలుగుతూ, రోగుల మధ్యే పని నేర్చుకున్నవాళ్లు మన ఆస్పత్రుల్లో ఉన్నారు. కొత్త అర్హత పేరు చెప్పి వాళ్లను బయటికి నెట్టడం అన్యాయం. వాళ్ల పోస్టులు వాళ్లకు ఉంచి, స్పెషలిస్టు పోస్టులు అదనంగా సృష్టించాలి. సర్వీసులో ఉన్నవాళ్లకు సర్కారు ఖర్చుతో ఎంపీటీ చదివే కోటా ఇవ్వాలి. డాక్టర్లకు పీజీలో ఇన్‌సర్వీస్ కోటా ఉన్నప్పుడు వీళ్లకు ఎందుకు ఉండకూడదు? అలాగే ఎంపీటీ అడుగుతూ ఆ పోస్టును ఏడాది కాంట్రాక్టులో, అవుట్‌సోర్సింగ్ జీతంతో నింపాలనుకుంటే ఎవరూ రారు, వచ్చినా నిలవరు. పక్షవాతం రోగి కోలుకునేది మొదటి నెలల్లోనే ఎక్కువ. ఆ నెలల్లో చికిత్స చేసే మనిషి మారిపోతే రోగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఆ మామిడి రైతు విషయానికొస్తే, వరండాలో ఎవరో చెబితే కోడలు కప్పీ ఆపించింది. ఇంటి దగ్గర ఏం చేయాలని ఆమె అడిగింది. పడుకున్నప్పుడు భుజం కింద దిండు పెట్టాలని, లేపేటప్పుడు ఆ చేయి పట్టి లాగకుండా చంక కింద చెయ్యి వేయకుండా నడుం దగ్గర పట్టుకోవాలని, కూర్చున్నప్పుడు చేతిని ఒళ్లోనో బల్ల మీదో ఆనించి ఉంచాలని మెల్లగా విడమరిచి చెప్పడానికి పావుగంట కావాలి, అది తెలిసిన మనిషి కావాలి. ఆ రోజు ఆ గదిలో రెండూ లేవు. చీటీ మీద మళ్లీ సోమవారం రమ్మని రాసిచ్చారు.