పసుపు కండువా

మా ఊరి పార్టీ కార్యాలయానికి చరిత్ర రాసిపెట్టమని అధ్యక్షులవారు అడిగినప్పుడు, ఏ పార్టీ చరిత్ర అని నేను అడగలేదు. అడిగితే నొచ్చుకుంటారు. కార్యాలయమంటే బజారు మలుపులో మేడమీది గది. గది అదే, ఇనుప కుర్చీలు అవే, అధ్యక్షులవారూ ఆయనే. బోర్డు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

1969లో కాంగ్రెస్ చీలే దాకా బోర్డు మీద జోడెడ్లు. 1971 నాటికి అక్కడ ఆవూ దూడా. 1978 శాసనసభ ఎన్నికల ముందు పార్టీ మళ్లీ చీలింది. ఇందిరా కాంగ్రెస్‌కు హస్తం వచ్చింది, బ్రహ్మానందరెడ్డి వర్గానికి ఆవూ దూడా మిగిలాయి. ఫలితాలు తేలేదాకా మా గదిలో గోడకు ఆవు, తలుపుకు చెయ్యి ఉండేవట. చెయ్యికి 175 స్థానాలు, ఆవుకు 30 వచ్చాయి. ఆ రాత్రే గోడకు సున్నం పడింది. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించారు. తరువాతి జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయితే, ఆ వారంలోనే మా గది సైకిలెక్కింది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది గానీ అది చట్టసభల సభ్యులకే. మేడమీది గదులకు వర్తించదు. 2008లో ప్రజారాజ్యం బోర్డు కట్టారు. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోవడంతో గది గడప దాటకుండానే పుట్టింటికి చేరింది. ఇప్పుడున్న పార్టీ పేరు రాయను. మీరిది చదివే వేళకు మారిపోతే నా మాట పోతుంది.

ఇంతటి ప్రస్థానాన్ని ఫ్లెక్సీగా కట్టాలన్నారు. దానికి 1972 మార్చి ఎన్నికల విజయోత్సవం నాటి ఫోటో ఒకటి బీరువాలోంచి తీశారు. నలుపు తెలుపు ఫోటోలో ఉన్న సుఖం ఏమిటంటే, అందులో ఏ కండువా అయినా బూడిద రంగే. అధ్యక్షులవారు నూనూగు మీసాలతో ముందు వరసలో ఉన్నారు. వెనక గోడ మీద ఆవూ దూడా. దాన్ని అలాగే వేస్తే ఏ గొడవా లేకపోయేది. ఫ్లెక్సీ కుర్రాడు మాత్రం, "రంగులు వేసిస్తాను సార్, ఉచితమే" అన్నాడు. ఉచితమంటే మావాళ్లు కాదనరు.

పాతబడి పచ్చబారిన ఫోటో కదా, కంప్యూటర్ ఆ పచ్చదనాన్ని నమ్మింది. కండువాలన్నింటికీ నిండు పసుపు పులిమింది. తెల్లవారేసరికి నాలుగు రోడ్ల కూడలిలో, తెలుగుదేశం పుట్టడానికి పదేళ్ల ముందు, ఆవూ దూడా నీడన పసుపు కండువాలతో మావాళ్లు ఊరేగుతున్నారు. టీకొట్టు దగ్గర జనం మూగారు. ఎదుటి పార్టీ వాళ్లు ఫోటోలు తీసుకున్నారు.

అధ్యక్షులవారు తొణకలేదు. "అది కనుమ నాటి ఫోటో. ఆవుకు పసుపు పూశాం, కండువాలకు అంటింది" అన్నారు. బెంచీ చివర కూర్చున్న ఒక ముసలాయన, "ఎన్నికలు మార్చిలో, కనుమ జనవరిలో కదయ్యా?" అని టీ ఊదుకున్నాడు.

నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, 1972ని 1983 చేస్తే సరిపోదూ?" అన్నారు.

"సంవత్సరం సరిపోతుందండీ. అప్పటికి ఆవు లేదు."

"అయితే ఆవును తీయించేయండి."

కుర్రాడు ఫోనులోనే సరిచేసి, మధ్యాహ్నానికి కొత్త ఫ్లెక్సీ తెచ్చాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ఆవును తీయమన్నారు, తీశాడు. దూడ సంగతి ఎవరూ చెప్పలేదు.

దూడ గుర్తు ఏ పార్టీదని సాయంత్రం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. టికెట్లు ఎప్పుడిస్తారని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు రాసి పెట్టుకోమన్నారు అధ్యక్షులవారు.