జిప్సీకి పుట్టిన తేదీ చూసి వెలకట్టకండి

పాత మారుతి జిప్సీ బేరానికి వెళ్లినవాళ్లలో చాలామంది ముందు పెయింటు చూస్తారు, తర్వాత టైర్లు చూస్తారు, చివరికి ఆర్‌సీలో సంవత్సరం చూసి ధర తేలుస్తారు. ఈ మూడింటిలో ఏదీ బండి సంగతి చెప్పదు. పాతికేళ్ల జిప్సీ అయినా ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) గట్టిగా ఉంటే ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. పదేళ్లదాన్ని ఉప్పుగాలికి వదిలేస్తే వెల్డింగు కూడా పట్టదు. ఒరిజినల్‌గా నిలబెట్టుకున్న జిప్సీ కోసం జనం వెతుకుతున్నారంటే అది పాతకాలపు మోజేమీ కాదు. వాళ్ల లెక్క సరైనదే.

వంశం తెలిసిందే. సుజుకి 1970లో ఎల్‌జె10తో మొదలుపెట్టిన చిన్న ఫోర్‌వీల్ డ్రైవ్ 1981లో ఎస్‌జె410గా మారింది. దాని పొడుగు వీల్‌బేస్ రూపాన్నే మారుతి 1985లో 970 సీసీ ఇంజిన్‌తో జిప్సీగా తెచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్, అయిదు గేర్లు వచ్చాయి, 2000లో కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందించే ఎంపీఎఫ్‌ఐ. నిచ్చెన ఛాసిస్, ముందూ వెనకా ఇరుసుల హౌసింగులు, నాలుగు మూలలా కమాన్ పట్టీలు, ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే, చేతి లివర్‌తో పడే ట్రాన్స్‌ఫర్ కేస్ మాత్రం చివరిదాకా మారలేదు. సాఫ్ట్ టాప్ బరువు టన్ను లోపే. కొత్తపట్నం వైపు ఇసుక దారుల్లో పెద్ద ఎస్‌యూవీ కూరుకుపోయే చోట ఇది తేలిగ్గా దాటిపోయేది అందుకే.

నెల్లూరు, ప్రకాశం తీరంలో కొనేవాళ్లు మొదట బండి కిందికి దూరాలి. వెనక పట్టీల బ్రాకెట్లు ఛాసిస్‌కు అతికే చోటు, బాడీ మౌంటులు, మ్యాట్ల కింద ఫ్లోరు, విండ్‌షీల్డ్ ఫ్రేమ్ అడుగు, తలుపుల కింది అంచు: తుప్పు ముందు పట్టేది ఇక్కడే. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. రొయ్యల గుంటల గట్ల మీద, ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల దారిలో తిరిగిన బండికి ఉప్పు బురద ఛాసిస్ పెట్టెలోకి చేరి, లోపలి నుంచి తింటుంది. బయటికి ఏమీ కనిపించదు. అమ్మకానికి ముందు కొత్తగా వేసిన నల్లటి అండర్‌కోటింగ్ నిగనిగలాడుతుంటే అనుమానించాల్సిందే, ఎందుకంటే తుప్పు మీద వేసిన కోటింగ్ తేమను లోపలే బంధిస్తుంది. ముందు ఛాసిస్ రంధ్రాల్లోంచి మంచినీళ్లతో ప్రెజర్ వాష్ చేయించి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. వైర్ బ్రష్‌తో ఇనుము తేలేదాకా గీకి ప్రైమర్ వేశాకే కోటింగ్. ఛాసిస్ లోపలికి మైనం స్ప్రే కొట్టించాలి. నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూయకూడదు. ఇక చీమకుర్తి క్వారీల దుమ్ములో తిరిగిన బండి అయితే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించాలి. ఫిల్టర్ దాటి లోపలికి పోయిన దుమ్ము పిస్టన్ రింగుల్ని అరగదీస్తుంది.

అరవై, డెబ్బై స్పీడులో స్టీరింగ్ చేతుల్లో ఊగిపోవడం ఈ బండికి బాగా తెలిసిన జబ్బు. చాలా షెడ్లలో ఊపును అణిచే కొత్త స్టీరింగ్ డాంపర్ బిగించి పంపేస్తారు. జబ్బు పోదు, కొన్నాళ్లు దాక్కుంటుంది. వీల్ బ్యాలెన్సింగ్ సరిగా ఉంటే ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట (వదులు) కనిపిస్తే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోయిందా, లోపం వీల్ బేరింగుది. పోలేదా, చక్రం పక్కకు తిరిగేచోట ఉండే కింగ్ పిన్ బేరింగులది. బేరింగులు మార్చి, షిమ్‌లు (సందు సరిచేసే పలచటి రేకులు) సరిచేసి, చక్రం మరీ వదులుగానో బిగువుగానో తిరగకుండా స్ప్రింగ్ బ్యాలెన్స్ (స్ప్రింగు త్రాసు)తో చూసుకుంటే డాంపర్ అవసరం పెద్దగా ఉండదు. ముందు చక్రాన్ని పట్టి తిప్పే నకిల్ దగ్గర గ్రీజు పలచబడి కారుతుంటే హౌసింగ్ లోపలి సీలు పోయి గేర్ ఆయిల్ అందులో కలిసినట్టు.

ట్రాన్స్‌ఫర్ కేస్‌కు మధ్యలో, ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. పొడి తారు మీద ఫోర్‌వీల్‌లో నడిపితే ముందు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, లివర్ బిగుసుకుంటుంది. అలాగని ఏళ్ల తరబడి వాడకపోయినా చెడుతుంది. నెలకోసారి మట్టి రోడ్డు మీద కాసేపు వేసి నడపాలి. దాంట్లో పట్టే ఆయిల్ లీటరు కూడా ఉండదు. అది పాలరంగులోకి మారితే బ్రీదర్ (గాలి పోయే గొట్టం) దారిన నీళ్లు చేరినట్టే. వాగు దాటాక ఆయిల్ చూసుకోని బండ్లకే బేరింగులు పోతాయి.

ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, పొగ ఎక్కువ, మారుతి కొత్త ఫోర్‌వీల్ బండి జిమ్నీ ఉండగా ఇదెందుకు అన్నది ఎదుటివాళ్ల వాదన. భద్రత మాట నిజం, జాతీయ రహదారి మీద వందలో పరిగెత్తించే బండి కాదిది. కానీ గుంటల గట్టు మీద, వెలిగొండల కింద రాళ్ల బాటలో, ల్యాప్‌టాప్ అక్కర్లేకుండా నెల్లూరు ఆటోనగర్‌లో స్పానర్లతో విప్పి బిగించగల బండికి ఉన్న విలువ వేరు.

అసలు పేచీ మన చట్టంతో. పదిహేనేళ్లు దాటితే సొంత కారు తనిఖీకి వెళ్లి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అది న్యాయమే. కానీ ఫీజు తనిఖీ ఫలితాన్ని చూడదు, వయసునే చూస్తుంది. 2022లో 600 రూపాయల నుంచి 5,000 అయింది, 2025లో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. ప్రభుత్వ శాఖల బండ్లకైతే 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగింపే లేదు, ఛాసిస్ ఎంత గట్టిగా ఉన్నా సరే. మరోపక్క వింటేజ్ గుర్తింపు కావాలంటే యాభై ఏళ్లు నిండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉండాలి. అంటే ఒరిజినల్‌గా ఉంచుకోవడం గొప్పని చట్టమే ఒప్పుకుంటోంది. మొట్టమొదటి జిప్సీకి ఆ అర్హత వచ్చేది 2035లో. అప్పటిదాకా దాన్ని కాపాడుకునే యజమానికి ఏటా పెరిగే ఖర్చే తప్ప గుర్తింపు లేదు.

పాతికేళ్లు దాటి, మార్పులు లేకుండా, ఛాసిస్, స్టీరింగ్, బ్రేకులు, పొగ పరీక్షల్లో నెగ్గిన బండికి మామూలు ఫీజే వసూలు చేయాలి, ప్రత్యేక వర్గంగా గుర్తించాలి. తుక్కుకు పోయే ప్రభుత్వ జిప్సీల నుంచి హౌసింగులు, ట్రాన్స్‌ఫర్ కేసులు విప్పి విడిగా వేలం వేయాలి. ఈ రెండింటికీ కొత్త ఖజానా ఏమీ అక్కర్లేదు.