నైజీరియా ప్రతినిధుల సభ రబ్బరు స్టాంపేనా? అసలు లోపం వేరే చోట ఉంది

ఆఫ్రికా రాజకీయాల మీద సామాజిక మాధ్యమాల్లో తిరిగే వ్యాఖ్యల్లో నైజీరియా దిగువ సభ గురించి ఒక వాదన తరచు కనిపిస్తుంది. దాని సారాంశం ఇది: "నైజీరియా ప్రతినిధుల సభ పేరుకే ఉంది. మన లోక్‌సభలో మాదిరిగా అక్కడా మెజారిటీ వచ్చిన పార్టీయే ప్రభుత్వాన్ని ఏర్పాటు చేస్తుంది కాబట్టి ఎదురు చెప్పేవారుండరు. అధ్యక్షుడికి కోపం వస్తే సభ రద్దవుతుంది. అసలు అధికారాలన్నీ ఎగువ సభ అయిన సెనేట్‌వే. సీట్లను కూడా జనాభాతో పని లేకుండా రాష్ట్రాలకు సమానంగా పంచేశారు. ఇంతవరకు ఏ అధ్యక్షుడికీ ఆ సభ అడ్డు చెప్పలేదు." ఇందులో చివరి మాటకు మాత్రమే కొంత ఆధారం ఉంది. అదీ చెప్పిన రూపంలో నిలబడదు. మిగిలినవి ఆ దేశ రాజ్యాంగాన్ని ఒక్కసారి తిరగేసినా రాయవలసిన మాటలు కావు.

ప్రభుత్వం ఏర్పాటు సంగతి ముందు చూద్దాం. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఈ మాట నిజమే. అబూబకర్ తఫావా బలేవా ప్రతినిధుల సభలో మద్దతు ఉన్న నాయకుడిగానే ప్రధానమంత్రిగా పనిచేశారు. 1966 జనవరి సైనిక తిరుగుబాటులో ఆయన హతుడయ్యారు, ఆ పార్లమెంటరీ పద్ధతి కూడా అక్కడితో ముగిసింది. 1979లో సైన్యం తప్పుకొని పౌరపాలన తిరిగి వచ్చినప్పుడు నైజీరియా అమెరికా తరహా అధ్యక్ష పద్ధతిని ఎంచుకుంది, ఇప్పుడు అమలులో ఉన్న 1999 రాజ్యాంగమూ దానినే కొనసాగించింది. అధ్యక్షుడిని ప్రజలు విడిగా ఎన్నుకుంటారు. సభ సభ్యుడు మంత్రి కావాలంటే సీటు వదులుకోవాలి. సభలో అవిశ్వాస తీర్మానం పెట్టి ప్రభుత్వాన్ని పడగొట్టే పద్ధతి లేదు. అదే విధంగా సభకు మొదటి సమావేశం నుంచి 4 ఏళ్ల గడువు ఉంటుంది, ఆలోగా దానిని రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి లేదు. 2023 ఎన్నికల్లో అధ్యక్షుడు బోలా టినుబు పార్టీ అయిన ఏపీసీకి 360 స్థానాల్లో సగం కూడా రాలేదు. లోక్‌సభ లెక్కన అది సంకీర్ణ బేరసారాలకు దారి తీసేది. అక్కడ టినుబు పదవికి దానివల్ల ఏ ముప్పూ రాలేదు.

అధికారాలన్నీ సెనేట్‌వే అనడం సగం తెలిసి చెప్పిన మాట. మంత్రులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, రాయబారుల నియామకాలకు ఆమోదం తెలిపే పని సెనేట్‌ది మాత్రమే, ఆ మేరకు అది ఒక మెట్టు పైనే ఉంది. కానీ శాసనాలు చేయడం, బడ్జెట్‌ను ఆమోదించడం, ప్రభుత్వ శాఖల మీద విచారణ జరపడం, అధ్యక్షుడి అభిశంసన అనే నాలుగింటిలోనూ రెండు సభలూ సమానం. ఇక్కడ మన రాజ్యసభతో పోలిక పెట్టుకుంటే తప్పుదారి పడతాము. మన దగ్గర ద్రవ్య బిల్లు మీద రాజ్యసభకు 14 రోజుల గడువు, సిఫారసులు చేసే హక్కు తప్ప మరేమీ లేవు. నైజీరియాలో ద్రవ్య బిల్లుపై రెండు సభలకూ ఏకాభిప్రాయం కుదరకపోతే ముందు ఉమ్మడి ఆర్థిక సంఘం కూర్చుంటుంది, అక్కడా తేలకపోతే సంయుక్త సమావేశం జరుగుతుంది. ఆ సమావేశంలో 109 మంది సెనేటర్ల ఎదుట 360 మంది ప్రతినిధులు ఉంటారన్నది మరిచిపోకూడదు.

సీట్ల పంపకం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. రాష్ట్రానికి ముగ్గురు చొప్పున సమానంగా ఉండేది సెనేట్‌లో. 36 రాష్ట్రాలకు 108, అబూజా రాజధాని ప్రాంతానికి 1. ప్రతినిధుల సభలో కానో, లాగోస్ రాష్ట్రాలకు చెరి 24 స్థానాలుంటే బయెల్సాకు 5, అబూజాకు 2 మాత్రమే ఉన్నాయి. ఈ లెక్క పాతబడిందని ఫిర్యాదు చేస్తే అందులో న్యాయం ఉండేది. పదేళ్లకు తక్కువ కాని వ్యవధుల్లో నియోజకవర్గాలను సమీక్షించాలని రాజ్యాంగం చెప్పినా 1999 నుంచి అవే 360 నడుస్తున్నాయి, చివరి జనగణన జరిగింది 2006లో. 1971 జనాభా లెక్కల దగ్గర ఆగిపోయిన మన లోక్‌సభ స్థానాల గురించి వాదించుకునే తెలుగువారికి ఈ చిక్కు వేరుగా వివరించనక్కర లేదు.

ఇక ఏ అధ్యక్షుడికీ అడ్డు చెప్పలేదన్న ఆరోపణ. 1999లో పౌరపాలన మళ్లీ మొదలైన మరుసటి ఏడాదే, అంటే 2000లో, నైజర్ డెల్టా అభివృద్ధి సంఘం బిల్లుకు అధ్యక్షుడు ఓబసాంజో ఆమోదం నిరాకరిస్తే రెండు సభలూ మూడింట రెండు వంతుల మెజారిటీతో దానిని మళ్లీ ఆమోదించి, ఆయన సంతకం లేకుండానే చట్టం చేశాయి. 2002 ఆగస్టులో స్పీకర్ గాలీ ఉమర్ నాఅబ్బా నాయకత్వంలోని సభ, రాజీనామా చేయకపోతే అభిశంసన ఎదుర్కోవలసి వస్తుందని అదే ఓబసాంజోకు గడువు విధించింది. స్పీకర్ ఆయన సొంత పార్టీ వాడే. 2011లో అధికార పార్టీ పీడీపీ నిలబెట్టిన అభ్యర్థిని కాదని అదే పార్టీకి చెందిన అమీనూ తంబువాల్‌ను ప్రతిపక్షాలతో కలిసి స్పీకర్‌గా ఎన్నుకున్నారు. 2012 జనవరి 1న అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ పెట్రోలు సబ్సిడీ ఎత్తివేయడంతో లీటరు ధర 65 నైరాల (ఆ దేశ కరెన్సీ) నుంచి రెట్టింపు దాటితే, ఆ తంబువాల్ సభే జనవరి 8న, ఆదివారమైనా సరే, అత్యవసరంగా సమావేశమై ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకోమని కోరింది.

2014 నవంబరు 20 నాటి దృశ్యం చూసినవారు రబ్బరు స్టాంపు అన్న మాట అంత తేలికగా వాడరు. తంబువాల్ అంతకు కొన్ని వారాల ముందే పార్టీ మారి ప్రతిపక్షంలో చేరారు, ప్రభుత్వం ఆయనకు పోలీసు రక్షణ తీసేసింది. ఆ దేశ ఈశాన్య రాష్ట్రాల్లో అత్యవసర పరిస్థితి పొడిగింపు మీద చర్చకు సభ్యులు వస్తే అబూజాలోని జాతీయ శాసనసభ గేట్లకు పోలీసులు అడ్డుపడ్డారు. పొడవాటి అంగరఖాలు వేసుకున్న పెద్దమనుషులు ఇనుప గేటు పట్టుకుని ఎక్కి అవతలకు దిగారు. ఆవరణలో బాష్పవాయువు ప్రయోగించారు.

అయినా ఇదంతా చెప్పి ఆ సభను వీరుల సభ అంటే అదీ అబద్ధమే అవుతుంది. సబ్సిడీ మీద అదే సభ వేసిన విచారణ సంఘం లక్ష కోట్ల నైరాలకు పైగా సొమ్ము వెనక్కు రావాలని తేల్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడైన ఫరూక్ లావన్, ఒక చమురు వ్యాపారి సంస్థను నిందితుల జాబితా నుంచి తప్పించడానికి లంచం తీసుకున్న కేసులో 2021లో జైలు శిక్షకు గురయ్యాడు. అప్పీలులో 5 ఏళ్లకు తగ్గిన శిక్షను 2024లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అధ్యక్షుడిని ప్రశ్నించడానికి సభకు అధికారం చాలకపోలేదు. ఉన్న అధికారమే అమ్ముడుపోయింది.

ఇటీవలి సంగతులు ఇంకా ఇబ్బందికరం. 2023 జూన్ 13న, ప్రతిపక్షాల సభ్యుల మొత్తమే ఎక్కువగా ఉన్న సభలో, స్పీకర్ ఎన్నికలో అధికార పార్టీ అభ్యర్థి తాజుద్దీన్ అబ్బాస్‌కు 353 ఓట్లు వచ్చాయి. 2024 మేలో పాత జాతీయ గీతాన్ని తిరిగి తెచ్చే బిల్లును సభ ఒకే రోజు మూడు పఠనాలూ ముగించి ఆమోదించింది. 2025 మార్చిలో రివర్స్ రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి, ఎన్నికైన గవర్నరును ఆరు నెలలు పక్కన పెట్టిన టినుబు నిర్ణయానికి, మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మద్దతు, అంటే కనీసం 240 మంది ఉండాలని రాజ్యాంగం కోరుతున్నా, మూజువాణి ఓటుతో సరిపెట్టారు.

వాదన చేసేవారు ఇక్కడ ఆగి, చూశారా, సభకు అధికారమే లేదు అంటారు. ఆ 240 అన్న గీత గీసింది రాజ్యాంగమే, చేతులు లెక్కపెట్టకుండా వదిలేసింది సభే. పార్టీ మారిన సభ్యుడి సంగతీ అంతే. పార్టీలో చీలిక వచ్చినప్పుడో విలీనం జరిగినప్పుడో తప్ప పార్టీ మారినవాడు సీటు కోల్పోతాడని రాజ్యాంగంలోని 68వ సెక్షన్ చెబుతుంది, రాష్ట్ర స్థాయి కలహాన్ని చీలికగా చూపడం చెల్లదని 2015లో ఇఫెదాయో అబెగుండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా 2023 తరువాత ప్రతిపక్షాల నుంచి అధికార పార్టీ వైపు వలసలు ఆగలేదు. ఫిరాయింపుల మీద స్పీకరు నిర్ణయం నెలలూ ఏళ్లూ తేలని అనుభవం మన రెండు రాష్ట్రాలకూ ఉంది కాబట్టి ఇందులో వింత కనిపించకపోవచ్చు. ఆ సెక్షన్ ప్రకారం సీటు ఖాళీ అయిందని అమలు చేయవలసినవాడు స్పీకరు. దానికి ముందు తగిన సాక్ష్యం సభ ముందు పెట్టి ఒప్పించవలసినది ఆయన గానీ, సభ్యుల్లో ఒకరు గానీ. అధ్యక్షుడి సంతకం అందులో ఎక్కడా అక్కరలేదు.